చుక్క పడని విమానం

మార్చి 6

ఒరేయ్ తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో నువ్వు రాస్తేనే తెలియాలి. నువ్వు రాయవు. కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

ఈ ఉత్తరం రాసిపెడుతున్నది వానమ్మ. ఎయిర్‌పోర్టు వాతావరణం గదిలో పని. ఎండెంత, గాలెంత, వానెంత అని గంటగంటకీ రాసి పంపుతుంది, అందుకని ఆ పేరు నేనే పెట్టాను. క్వార్టర్స్‌లో నా పక్క గది ఆవిడదే. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, తన మర్యాదలు మధ్యలో కలిపితే ఊరుకోనని ముందే చెప్పాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ముప్పై ఒక్క ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడిన చెవులివి. ఫోన్లో నాకు గాలి హోరు తప్ప ఏమీ వినపడదు.

విషయానికొస్తా. పాత విమానాలు పదకొండూ తీసేసి కొత్తవి కొంటారట. ఏవి కొనాలో తేల్చేవాళ్లలో నువ్వూ ఉన్నావట. ఈ కబురు నాకు మా చీపురు దళం చెప్పాలా? నా చేతికింద విమానాలు ఊడవడం నేర్చుకున్న ఆడవాళ్లకి తెలిసిన సంగతి సొంత అక్కకి తెలియకూడదా? నోట్లో ఏం పోసుకుని కూర్చున్నావు, ఇంజన్ నూనా?

నా మాట విను. పాతదానికి కడుపులోనే మెట్లున్నాయి. తలుపు తియ్యగానే అవే దిగుతాయి. మా దగ్గరున్న మెట్ల బండి ఒక్కటే, దానికో చక్రం కుంటిది. కొత్తవాటికి సొంత మెట్లుండవట. మరి జనం కిందికి దూకుతారా? పాతదాంట్లో సీటు కింద చెయ్యి పెడితే గోడదాకా పోతుంది. కొత్తవాటిలో సీట్ల కింద ఏవో పెట్టెలు, వైర్లు అంటున్నారు. పిల్లలు పారేసిన బిస్కెట్టు ముక్కలు ఎవరు తీస్తారు, చీమలా? పాతవైపోయాయంటారు. నేనూ పాతదాన్నే. మోకాలు కిర్రుమన్నదని మనిషిని తుక్కులో వేస్తారా?

ఇవన్నీ మీ మీటింగులో చెప్పు. నా పేరు చెప్పే చెప్పు, నాకేం భయం?

పోయినేడాది జనవరిలో బ్రేకు గొట్టం కారి విమానం ఇక్కడ ఆగిపోతే బాగుచెయ్యడానికి వచ్చావు. సామాను అందడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నా వంటింట్లో పీట మీద కూర్చుని, అడక్కుండానే రెండోసారి వడ్డించుకున్నావు. పద్నాలుగు నెలలైంది. ఎప్పుడొస్తావని అడగడంలేదు. పనుంటే వస్తావు, నాకు తెలుసు.

ఇట్లు నీ అక్క. వేలిముద్ర వేశాను, చూసుకో.


మార్చి 19

అక్కకి,

నీ ఉత్తరం అందింది. వేలిముద్ర ఎంత గట్టిగా నొక్కావంటే వెనకపేజీలోకి కూడా దిగింది. కోపం అర్థమైంది.

తేల్చేది నేనొక్కణ్ణే కాదక్కా, తొమ్మిదిమందిమి. రెండు కంపెనీలు మా ముందుకి వచ్చాయి. రెండూ మధ్యలో ఒకే దారి, అటు మూడు ఇటు మూడు సీట్ల విమానాలే. బయటినుంచి చూస్తే కవల పిల్లలు. ఒకరికి ఇంధనం పట్టింది. కొత్త ఇంజన్లు పాతవాటికంటే వందకి పదిహేను, ఇరవై వంతులు తక్కువ తాగుతాయి. పైలెట్ల పెద్దాయనకి తన వాళ్లందరినీ మళ్లీ బడిలో కూర్చోబెట్టాలంటే ఎన్ని నెలలన్నదే గొడవ. టికెట్లు చూసే ఆవిడ నూట ఎనభై సీట్లు మీ ఊరి లాంటి చోట నిండుతాయా అని అడుగుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎప్పుడిస్తారన్నది. ఇవాళ సంతకం పెడితే ఐదారేళ్లు వరుసలో నిలబడాలి. ఎవరైనా వద్దనుకున్న వంతు దొరికితే అదృష్టం. ఇందులో నా వంతు చిన్నది. పాతవి ఎంత తరచుగా పాడవుతున్నాయి, కొత్తవి ఎంత తరచుగా పాడవుతాయి, ఈ రెండూ తూచి నివేదిక రాయాలి.

నీ మాటలు మీటింగులో చెప్పాను, నీ పేరుతోనే. మెట్లకి నవ్వారు గానీ కొత్త బండి ఇప్పిస్తామని రాసుకున్నారు. సీటు కింద సంగతికి మాత్రం ఎవరూ నవ్వలేదు. అరగంటలో విమానం తిరిగి ఎగరాలంటే ఊడ్చేవాళ్ల చెయ్యి దూరాలి. రెండు కంపెనీలవాళ్లనీ సీట్ల కింద కొలతలు తెమ్మన్నారు.

పాతవాటి మీద నీకు మమకారం ఉందక్కా. నాకూ ఉంది. మమకారంతో విమానాలు ఎగరవు కదా.

నా గది అలాగే ఉంది. కిటికీ తెరిస్తే విమానాలు బాగుచేసే హ్యాంగర్ రేకుల గోడ. వండుకోవడం తగ్గించాను. ఒక్కడికి వండితే తినేదానికంటే తోమేదే ఎక్కువ. డిసెంబరుతో నా సర్వీసు అయిపోతుంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

మమకారమా? ఆ మాట వానమ్మ చేత మూడుసార్లు చదివించుకున్నా. ముప్పై ఒక్క ఏళ్లు అందులో జనం వాంతులు తుడిచినదాన్ని. రేకు డబ్బా మీద మమకారం పెంచుకునేంత మతి పోలేదు నాకు. మమకారమనే మాట వాడటానికి ఇన్నేళ్లలో నీకు ఇంకో చోటే దొరకలేదా?

తక్కువ తాగుతుందని పొగుడుతున్నావు. తక్కువ తాగేవాళ్లంతా మంచివాళ్లని ఎవడు చెప్పాడు? మీ బావ మందు ముట్టేవాడే కాదు. అయినా ఆయనతో వేగడం ఎంత కష్టమో నీకు తెలుసు. సీట్లు నిండుతాయా అని అడిగే ఆవిడని ఒకసారి ఇక్కడికి పంపు. నేను సమాధానం చెప్తా. పెద్దాసుపత్రికి పోవాలంటే ఇక్కడివాళ్లకి ఆ విమానమే దిక్కు. బస్సుకి ఒకటిన్నర రోజు.

ఇక్కడ క్వార్టర్స్‌లో పన్నెండు గదులుంటే తొమ్మిదింటికి తాళాలు పడ్డాయి. నేను రిటైరై తొమ్మిదేళ్లయినా ఖాళీ చెయ్యమని ఎవరూ అడగలేదు. అడిగే దమ్ములేక. మధ్యాహ్నం విమానం దిగేవేళకి కంచె దగ్గరికి వెళ్తాను. దిగేవాళ్లని చూస్తాను. అందరూ దిగాక ఇంటికొస్తాను. అదీ నా దినచర్య. అడిగావు కాదు, అయినా చెప్పాను.

ఇప్పుడొక్కటే అడుగుతా. ఇంజన్లని, ఇంధనమని ఎటో తీసుకుపోకుండా సూటిగా చెప్పు. కొత్తవి ఎన్నాళ్లకోసారి పాడవుతాయి? ఈ ఊళ్లో పాడైతే హెడ్డాఫీసు నుంచి మనిషి వస్తాడా రాడా? ఈ మాట కింద గీత గియ్యమన్నాను. వానమ్మ రెండు గీసింది.

నీ అక్క. వేలిముద్ర ఈసారి మెల్లగానే వేశా.


ఏప్రిల్ 21

అక్కకి,

నీ ప్రశ్న చదివి కాసేపు నవ్వుకున్నాను. ఈ వయసులో సామాను పెట్టె మోసుకుంటూ నేను ఊళ్లు తిరగడం నీకు బాధగా ఉందని తెలుసు. ప్రతిసారీ మెట్లెక్కేటప్పుడు నా మోకాళ్లవైపే చూసేదానివి. ఇక ఆ బెంగ పెట్టుకోకు.

ఈ కొత్తవి గాల్లో ఉండగానే తమలో ఏ భాగం అలిసిపోయిందో కిందికి కబురు పంపుతాయి. హెడ్డాఫీసుకి చేరేసరికి మావాళ్లు మార్చే సామానుతో ఎదురుగా నిలబడి ఉంటారు. వెయ్యిసార్లు బయల్దేరితే మూడు నాలుగుసార్లు ఆలస్యమైతే గొప్ప. చిన్న ఊళ్లలో ఆగిపోవడమన్నది దాదాపు ఉండదు. మనిషిని పంపాల్సిన అవసరమే రాదు. సంతోషమేనా?

ఇంకో సంతోషం కూడా చెప్తాను, దాచుకున్నదే. నా నివేదికలో అన్నిటికంటే బలమైన పేజీ మీ ఊరిది. రోజుకి ఒక్క విమానం దిగే ఊళ్లో పదహారేళ్లలో అరవై మూడు లోపాలు పట్టుకున్నారు. రోజుకి ఇరవై దిగే చోట్ల కూడా అన్ని లేవు. తప్పు లెక్కేమో అన్నారు. నేను లేచి చెప్పాను. అక్కడ ఊడ్చేవాళ్లు విమానం ఎక్కే ముందు చీపుర్లు పక్కన పెట్టి దాని కింద ఒక చుట్టు తిరుగుతారు, మా అక్క పెట్టిన అలవాటు అది, ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి మిగతా ఊళ్లలో లోపాలు లేక కాదు, చూసేవాళ్లు లేక అని. అప్పటిదాకా ఇంకో ఆరేళ్లు పాతవాటితోనే లాగుదామన్నవాళ్లు కూడా తగ్గారు.

పాతవి తీసెయ్యాలని వాళ్లని ఒప్పించింది నేను కాదక్కా. నీ కళ్లు.

నీ తమ్ముడు


మే 5

తమ్ముడూ,

ఆ పేజీ చింపెయ్.

వానమ్మ నీ ఉత్తరం చదివింది. సరిగ్గా చదవలేదని తిట్టి మళ్లీ చదివించాను. రెండోసారి కూడా అదే ఉంది.

అవును, చుట్టు తిరగడం నేనే పెట్టాను. చక్రాల దగ్గర, రెక్కల కింద, తోకదాకా. తడి కనపడితే వేలుపెట్టి వాసన చూడమన్నా. నీళ్లయితే వదిలెయ్యండి, నూనైతే మెకానిక్‌ని పిలవండి అన్నా. మొదట్లో మెకానిక్ విసుక్కునేవాడు. ఊడ్చేవాళ్లకి రెక్కలతో ఏం పనంటే, నీకు కళ్లతో పని లేనప్పుడు ఎవరో ఒకరు చూడాలిగా అన్నాను. అందరూ అది విమానం కోసమనుకున్నారు. ఎవరికోసమో వాళ్లకి చెప్పక్కర్లేదు. నీకూ చెప్పక్కర్లేదనుకున్నా.

ఆ పేజీ మీ తొమ్మిదిమంది కోసం చేసింది కాదు. అది నాది. అందులోంచి తీసెయ్. తీసేశానని రాయి. నువ్వు రాసేదాకా ముద్ద దిగదని నాటకాలాడను. దిగుతుంది. రుచే తెలియదు.

అక్క


మే 16

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. విమానం కోసం కాదన్నావు. ఆ పేజీ తీసెయ్యమన్నావు. లేని లోపాలు ఉన్నాయని చెప్పించావేమోనని భయపడ్డాను. నిన్ను అలా అనుమానించాను, దాచను. ఆ అరవై మూడింటి కిందా నా సంతకమే ఉంది. వాటిలో ఇరవై ఆరుసార్లు నేనే వచ్చాను. పాత రిజిస్టర్లన్నీ దింపించి హ్యాంగర్‌లో బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కటీ మళ్లీ చదివాను.

క్షమించు. ఒక్కటీ అబద్ధం కాదు. పంతొమ్మిదోది బ్రేకు గొట్టం మీద వెంట్రుకవాసి పగులు. ఇంకో రెండుసార్లు దిగితే తెగేది. ఆ రోజు అందులో నూట పన్నెండుమంది ఉన్నారు. నువ్వు దేనికోసం చూశావోగానీ ఉన్నదే చూశావు.

దేనికోసం చూశావో కూడా తెలిసింది. రిజిస్టర్‌లో మొదటి తేదీ చూశాక. బావ పోయిన మరుసటి నెల అది.

బావ పోయిన రోజు ఇక్కడ ఒక విమానం మొత్తం విప్పి ఉంది. నా సంతకం లేకుండా మూయడానికి లేదు. ఇంకెవరికైనా అప్పగించి రావాల్సింది. అప్పుడు తోచలేదు. అయిదో రోజు మీ ఊళ్లో టైరు పగిలిందని నన్ను పంపారు. పని చూసుకుని నీ దగ్గరికొచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి అన్నావు, నా మొగుడు పోతే రాలేదు, టైరు పోతే వచ్చావు, ఇకమీదట పనుంటేనే నా గడప తొక్కు అని. నేనది కట్టుబాటు అనుకున్నాను. పదహారేళ్లు తప్పలేదు. మీ ఊళ్లో ఏదైనా ఆగిపోయిందని కబురొస్తే అందరూ తలలు పట్టుకునేవాళ్లు. నేను మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుని లోపల్లోపల సంబరపడేవాణ్ణి. కుర్రవాళ్లని పంపుదామంటే పడనిచ్చేవాణ్ణి కాదు.

పేజీ తియ్యలేనక్కా. తీస్తే పాతవి ఇంకో ఆరేళ్లు ఎగురుతాయి. మీ ఊళ్లో మీవాళ్లు చూస్తారు. మిగతా ఊళ్లలో ఎవరు చూస్తారు? నివేదిక ఇచ్చేశాను. కొత్తవి వస్తే నాకు నీ ఊరు వచ్చే దారి మూసుకుపోతుందని తెలిసే సంతకం పెట్టాను.

నీ తమ్ముడు


డిసెంబరు 9

అక్కకి,

మేలో రాసిన తర్వాత నీ దగ్గర్నించి ఉత్తరం లేదు. జూన్‌లో, ఆగస్టులో రాసినవి అందాయో లేదో తెలియదు. అందకపోతే తిరిగి రావాలి, తిరిగి రాలేదు. అంటే అందాయి.

రెండో కంపెనీది ఖాయమైంది. సీట్ల కింద చోటు ఎక్కువున్నది అదే. దానికే కొన్నామనను, ఇంధనమూ కలిసొచ్చింది, ఇంకెవరో వద్దనుకున్న వంతు మాకు దొరికింది, కొన్ని తయారయ్యే ఉన్నాయి. కానీ కాగితాల్లో ఒకచోట ‘శుభ్రం చేసేవారి సూచన’ అని ఉంది. ఆ ముక్క నేను రాసింది కాదు. టికెట్ల ఆవిడ రాయించింది. మీ ఊరికి కొత్తది జనవరి మూడున వస్తుంది.

నెలాఖరుకి నా పని అయిపోతుంది. ఇక్కడ ఒక పూలదండ, ఒక గడియారం ఇస్తారు. ఏడాదికి ఎనిమిది ఉచిత టికెట్లు కూడా. ఎక్కడికి వెళ్తారో ముందే రాయమని ఫారం ఇచ్చారు. విమానం ఆగిపోయిన చోటికి తప్ప నేనెప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు. గడి ఖాళీగా వదిలేశాను.

చలి ఎక్కువగా ఉందట అక్కడ. చెవులకి గుడ్డ కట్టుకో.

తమ్ముడు


జనవరి 4

ఒరేయ్ తమ్ముడూ,

అన్నీ అందాయి. జవాబు రాయించలేదు. కోపంతో కొన్ని నెలలు, ఏం చెప్పాలో తెలియక కొన్ని నెలలు. నాకు మాట దొరక్కపోవడమేమిటని వానమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

నిన్న నీ కొత్తది వచ్చింది. ఊరంతా కంచె దగ్గరే ఉన్నారు. తెల్లగా, పొడుగ్గా ఉంది. దగ్గరికొచ్చేదాకా చప్పుడే లేదన్నారు, నాకెటూ తేడా లేదు. కొత్త మెట్ల బండి పెట్టారు. మావాళ్లు అలవాటు కొద్దీ చీపుర్లు కింద పెట్టి చుట్టు తిరిగారు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. చక్రాల దగ్గర వంగారు, రెక్కల కింద చూశారు, తోకదాకా పోయారు. పొడి నేల. ఒకామె నా వైపు చూసి చెయ్యి తిప్పింది, ఏమీ లేదని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఊరికే నిలబడితే బాగుండదని. ముప్పై అయిదు నిమిషాల్లో వచ్చింది, వెళ్లింది. జనం ఇళ్లకి పోయారు. నేను ఇంకాసేపు ఉండి వచ్చాను.

పేజీ తీసెయ్యమన్నందుకు సిగ్గుపడుతున్నా. నువ్వు తీసేసి ఉంటే మళ్లీ జన్మలో నిన్ను నమ్మేదాన్ని కాదు. నీ పని నువ్వు బాగా చేశావు. ఇది తిట్టు కాదు, మళ్లీ చదువుకో.

ఇప్పుడు తిట్టు. కట్టుబాటు అనుకున్నావా? మొగుడు పోయిన అయిదో రోజు ఆడమనిషి గుమ్మంలో నిలబడి అరిచిన మాటని తీసుకెళ్లి రూలు పుస్తకంలో రాసుకున్నావా? అలా అరిచాక నేను లోపలికెళ్లి నీకు కంచం పెట్టాను. కంచం చూడలేదా? నిన్ను ఇంజనీరు చేసినందుకు మన నాన్నని అనాలి. మామూలు మనిషివైతే మర్నాడే మళ్లీ వచ్చి నాతో పోట్లాడేవాడివి.

సరే, నేనేం తక్కువ తిన్నాను? పదహారేళ్లు విమానం పొట్ట కింద నూనె వాసన చూపించానుగానీ రా అని ఒక్క ముక్క రాయించలేదు. రాయించడం చేతకాక కాదు. వానమ్మ కంటే ముందు స్టోర్స్ గుమస్తా ఉండేవాడు, ఆయన కంటే ముందు ఇంకొకరు. నువ్వు రానంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? విమానం ఆగితే నువ్వు రానని అనలేవు. అందుకని.

నీ ఉత్తరం వచ్చాక ఇల్లంతా తిరిగాను, పాడైంది ఏదైనా ఉందేమో, దాని వంకన పిలుద్దామని. తలుపులు బాగున్నాయి. దీపాలు వెలుగుతున్నాయి. కుర్చీ కాలు ఊపి చూశాను, ఊగలేదు. ఒక్క వంకా దొరకలేదు. అందుకని వంక లేకుండానే చెప్తున్నా. ఆ రోజు అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. వానమ్మా, అట్లాగే రాయి, అందంగా మార్చకు. మీ బావ బతికున్నన్నాళ్లూ నేను ఒక్క మాటైనా వెనక్కి తీసుకునేలా చెయ్యలేకపోయాడు, పాపం.

ఇంకొకటి. వానమ్మ గదిలోనూ కొత్త మిషను పెట్టారు. ఎండా వానా అదే చూసి అదే పంపుతుంది. ఆవిడని వేరే ఊరికి మార్చారు, బుధవారం వెళ్లిపోతోంది. దాంతో క్వార్టర్స్‌లో పదో గదికీ తాళం. క్యాంటీన్‌లో చదవడం వచ్చినవాళ్లున్నారు, కానీ వాళ్ల చేత చదివించుకుంటే పొద్దుగూకేలోపు మన గొడవ ఊరంతా పాకుతుంది. కాబట్టి దీనికి జవాబు రాయకు. రాస్తే అది విప్పకుండా అలమరలో పడి ఉంటుంది, అంతే.

ఫారంలో ఆ గడి నింపు. చెప్పాలనుకున్నది వచ్చి చెప్పు. చెప్పడానికేమీ లేకపోతే ఊరికే వచ్చి కూర్చో.

నీ అక్క